పాత జర్మన్ సెడాన్: మీటర్ చూసి మురిసిపోయేవాళ్ల కోసం

[ఓడోమీటర్ క్లోజప్]

“అన్నా, పదిహేనేళ్ల బీఎండబ్ల్యూ త్రీ సిరీస్. నలభై వేల కిలోమీటర్లే తిరిగింది. కళ్లు మూసుకుని తీసేసుకోవచ్చు కదా?”

ఈ ప్రశ్న నాకు రాని వారం లేదు. నలభై వేలు అనగానే అడిగేవాళ్లకి సంతోషం, నాకు టెన్షన్. పదిహేనేళ్లలో నలభై వేలంటే ఏడాదికి మూడు వేలు కూడా లేదు. మరి మిగతా కాలమంతా ఆ కారు ఏం చేసింది? ఊరికే నిలబడింది. బయటికి తీసిన రోజున కూడా పక్క వీధి దాకా వెళ్లొచ్చి ఉంటుంది. ఆయిల్ సరిగ్గా వేడెక్కకముందే ఇంజిన్ ఆపేస్తే, అందులో చేరిన తేమ, పెట్రోలు ఆవిరయ్యే వీలే ఉండదు. అవి అక్కడే ఉండిపోయి ఆయిల్‌ని పాడుచేస్తాయి. అమ్మేవాళ్లు మాత్రం “చాలా తక్కువ వాడాం సార్” అని గొప్పగా చెబుతారు. అది గొప్పేం కాదండీ.

సర్వీసింగ్ ఎందుకు చేయించాలి, ఆయిల్ ఎందుకు మార్చాలి, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటి జోలికి వెళ్లను. నేరుగా ఈ ముక్క దగ్గరికి రండి.

[అరచేతిలో గాస్కెట్]

బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఇంజిన్లలో ఉండే ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ ఇది. అతుకు దగ్గర ఆయిల్ కారకుండా ఆపే ఉత్త రబ్బరు. ఫిల్టర్ కూర్చునే హౌసింగ్ ఇంజిన్‌కి ఆనుకునే చోట ఇది మధ్యలో ఉంటుంది. ఒక పక్క కాలిపోతున్న ఇంజిన్, లోపల కాలిపోతున్న ఆయిల్. కొత్తలో వేలితో నొక్కితే సాగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుపోతుంది. పాతది ఊడదీసి వంచి చూడండి, పుటుక్కున విరుగుతుంది. దీనికి తెలిసినవి రెండే, వేడి, వయసు. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో దానికి పట్టదు.

సరే, బిగుసుకుపోయింది. తర్వాత ఏమవుతుంది? మొదట కొంచెం చెమ్మ. పార్కింగ్‌లో నేల మీద చుక్క కూడా పడదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఆ చెమ్మ కిందికి జారి ఎక్కడ పడుతుందో తెలుసా? ఇంజిన్ ముందు తిరిగే బెల్ట్ మీద. నూనె తాగిన బెల్ట్ ఉబ్బుతుంది, జారుతుంది, అంచులు పీచులు పీచులుగా లేస్తాయి. ఒకరోజు పుల్లీ మీంచి జారిపోతుంది. ఆ క్షణంలో స్టీరింగ్ బండరాయిలా బిగుస్తుంది, బ్యాటరీ చార్జింగ్ ఆగిపోతుంది. అదృష్టం బాగుంటే కథ అక్కడితో సరి.

బాగోకపోతే? ఊడిన బెల్ట్ పీచులు క్రాంక్, అంటే ఇంజిన్ ప్రధాన ఇరుసు, దాని పుల్లీ వెనక్కి చేరి, ముందు ఆయిల్‌ని ఆపే క్రాంక్ సీల్‌ని తోసుకుని ఇంజిన్ లోపలికి దూరతాయి. నమ్మబుద్ధి కాదు, కానీ ఎన్54, ఎన్55 అనే బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఇంజిన్ల మీద పనిచేసిన ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు. ఎన్52లోనూ జరుగుతుంది. ఆ పీచులు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి దిగి ఆయిల్ లాగే పైపు మూతికి అడ్డం పడితే ఇంజిన్‌కే ముప్పు. కాబట్టి సంప్ విప్పి ఏరాల్సిందే. ఈ90 అనే ఆ కాలపు త్రీ సిరీస్‌లో సంప్ విప్పాలంటే ముందు ఇంజిన్‌ని మోసే చట్రం, సబ్‌ఫ్రేమ్ కిందికి దించాలి, అంటే ఇంజిన్‌ని పైనుంచి వేలాడదీసి పట్టుకోవాలి. మొదలైంది ఎక్కడ? అరచేతిలో పట్టే ఈ రబ్బరు దగ్గర.

ఇక్కడ ఇంకో మాట. “జర్మన్ కార్లు ఊరికే చెడిపోతాయి” అనేవాళ్లంటే కూడా నాకు చిరాకే. ఇందాక చెప్పిన దాంట్లో ఊరికే చెడింది ఏదైనా ఉందా? పిస్టన్లు బాగున్నాయి, క్రాంక్ బాగుంది. రబ్బరు ముసలిదైంది, అంతే. అది కారుతోందని ఎవరో ఒక మెకానిక్ ఎప్పుడో చెప్పే ఉంటాడు. ఓనర్ “కొంచెమే కదా, తర్వాత చూద్దాం” అనుంటాడు. ఆ “తర్వాత” అనే బిల్లుతో కలిపి కారుని మీకు అమ్ముతున్నాడు. ధర అంత తక్కువ ఎందుకుందో ఇప్పుడు అర్థమైందా?

మరి ఈ కార్లలోనే ఎందుకింత అంటారా? ఇంజిన్ వేడిగా నడిస్తే ఇంధనం ఆదా అవుతుంది. అందుకని కంప్యూటర్ చేతిలో ఉండే థర్మోస్టాట్, అంటే వేడిని అదుపుచేసే వాల్వు పెట్టి, మామూలుగా వెళ్లేటప్పుడు ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని 100 డిగ్రీలు దాటనిస్తారు. కూలెంట్ ప్రెషర్‌లో ఉంటుంది కాబట్టి మరగదు, మైలేజీకి మంచిదే. కానీ చుట్టూ ఉన్న రబ్బరు, ప్లాస్టిక్ అంతా రోజూ ఆ వేడిలోనే ఉడుకుతుంది. ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ ప్లాస్టిక్, గొట్టాల మూతులు ప్లాస్టిక్. ఎన్52లో వాటర్ పంప్ కరెంటుది. చాలాసార్లు ముందస్తు సూచన ఏమీ లేకుండానే ఆగిపోతుంది. దాని బోల్టులు కూడా అల్యూమినియంవి, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు, కొత్తవే బిగించాలి. అల్యూమినియమే ఎందుకంటే, ఇంజిన్ బ్లాక్‌లో మెగ్నీషియం ఉంది, ఉక్కు బోల్టు తగిలితే ఆ మెగ్నీషియంని తినేస్తుంది. నాకు ఈ ఇంజిన్ మీద ఎంత ప్రేమో చెప్పలేను, బరువు తగ్గించడానికి అంత దూరం ఆలోచించారు. అయితే ఆ ఆలోచన రిపేర్ చేసేవాడికీ ఉండాలి.

డబ్బు దగ్గర జనం పొరపడేది ఇక్కడే. కారు ధర పడిపోయింది కాబట్టి ఖర్చు కూడా పడిపోయిందనుకుంటారు. ఏనుగు చవగ్గా దొరికితే మేత కూడా చవకవుతుందా? సబ్‌ఫ్రేమ్ దించడానికి కారు కొత్తగా ఉన్నప్పుడు ఎన్ని గంటలు పట్టేదో ఇప్పుడూ అన్నే పడతాయి. తుప్పు పట్టిన బోల్టులుంటే ఇంకా ఎక్కువ. మామూలు హ్యాచ్‌బ్యాక్ ధరకే వచ్చిందని, హ్యాచ్‌బ్యాక్ ఖర్చుతో నడుపుదామంటే కుదరదు.

ఈ గాస్కెట్ కథే మెర్సిడెస్‌లో వేరే రూపంలో చూడండి. 1998లో వచ్చిన ఎస్ క్లాస్ డబ్ల్యూ220కి ఎయిర్‌మాటిక్ సస్పెన్షన్. స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు. తిత్తి మడతల్లో పగుళ్లొచ్చి గాలి కొద్దికొద్దిగా పోతుంది. పొద్దున్నే కారు ఒక మూల కుంగి ఉంటుంది, స్టార్ట్ చేయగానే లేచి నిలబడుతుంది. “లేస్తోంది కదా” అని నడిపేస్తారు. పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి తిరిగి కాలిపోతుంది. అప్పుడు కంప్రెసర్ ఒక్కటే మారుస్తారు! తిత్తి అలాగే కారుతూ ఉంటుంది. కొత్త కంప్రెసర్ గతి కూడా అంతే. గాస్కెట్ మార్చకుండా కొత్త బెల్ట్ వేసినట్టే ఇది.

2002లో వచ్చిన ఈ క్లాస్ డబ్ల్యూ211 అయితే మరీ విచిత్రం. ఎస్‌బీసీ అని ఎలక్ట్రానిక్ బ్రేక్ సిస్టమ్ పెట్టారు. ఆ యూనిట్ కిలోమీటర్లు చూడదు, మీరు బ్రేక్ ఎన్నిసార్లు తొక్కారో లెక్కపెడుతుంది. లెక్క నిండగానే యూనిట్ మార్చమని వార్నింగ్ ఇస్తుంది. ట్రాఫిక్‌లో మెల్లగా పాకిన తక్కువ కిలోమీటర్ల కారు కన్నా హైవే మీద పరుగెత్తిన కారుకే అక్కడ ఆయుష్షు ఎక్కువ. 2006 ఫేస్‌లిఫ్ట్‌లో దాన్ని తీసేసి మామూలు హైడ్రాలిక్ బ్రేకులు పెట్టారు. డబ్ల్యూ211 కొనేవాళ్లు ఆ తర్వాతది వెతకడం మంచిది.

టైమ్ చాలా అయిపోయింది. కొనేముందు చూడాల్సినవి గబగబా చెప్పేస్తా.

బిల్లులు అడగండి. స్టాంపులు కొట్టిన పుస్తకం చాలదు, ఏ రోజు ఏ పార్టు మార్చారో రాసున్న బిల్లులు కావాలి. లక్షా అరవై వేలు తిరిగి, గాస్కెట్, వాటర్ పంప్, సస్పెన్షన్ బుష్‌లు మార్చిన కారు ఒకటి, ఏమీ మార్చని నలభై వేల కారు ఒకటి ఉంటే, నేను మొదటిదే తీసుకుంటా.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్. బీఎండబ్ల్యూ దాన్ని జీవితకాలం మార్చక్కర్లేదంటుంది. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం నడిపే తీరుని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకి, లేదా ఎనిమిదేళ్లకి మార్చమంటుంది. నేను జెడ్‌ఎఫ్ మాటే వింటాను. చాలా మోడళ్లలో ఫిల్టర్ ప్లాస్టిక్ ప్యాన్‌లోనే కలిసుంటుంది కాబట్టి ప్యాన్ మొత్తం మార్చాలి. ఇది విన్నాక ఖర్చు చూసి బెదరకండి, కొత్త గేర్‌బాక్స్ ఇంకా ఖరీదు.

స్కానర్ పెట్టించండి. ఫాల్ట్ కోడ్‌లు ఒక్కటీ లేకపోతే సంతోషించకండి, కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే రెడినెస్ టెస్టులు పూర్తయ్యాయో లేదో చూడండి. పూర్తి కాలేదంటే నిన్ననో మొన్ననో కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. మీటర్ వెనక్కి తిప్పారేమోనని డౌటుంటే, చాలా బీఎండబ్ల్యూల్లో మైలేజీ కీలో కూడా సేవ్ అవుతుంది, అది చదివించండి.

ఎన్47 డీజిల్ అయితే, అంటే ఆ కాలపు 320డీ, 520డీలో ఉండేది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి ఇంజిన్ వెనక వైపు గలగల వినిపిస్తోందేమో చెవి పెట్టండి. వాల్వుల్ని సమయానికి తెరిపించే టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, మార్చడం చిన్న పని కాదు. గలగల ఉంటే వదిలేయండి, బేరం కూడా వద్దు.

పార్టులకి షోరూమ్ డబ్బానే కొనక్కర్లేదు. లెమ్‌ఫోర్డర్, మాలే, బాష్, హెల్లా లాంటి కంపెనీలే కార్ల కంపెనీలకి ఎన్నో పార్టులు సరఫరా చేస్తాయి. బయట అదే కంపెనీది తీసుకుంటే చవక. పేరు లేని కంపెనీ సస్పెన్షన్ ఆర్మ్ మాత్రం కొనకండి, మళ్లీ అదే పని చేయించాల్సొస్తుంది.

ఇంజిన్ ఆయిల్ చిక్కదనం 5డబ్ల్యూ-30 అయితే చాలదు, డబ్బా మీద మీ కంపెనీ అప్రూవల్ ఉండాలి. మెర్సిడెస్‌కి 229.5, బీఎండబ్ల్యూకి లాంగ్‌లైఫ్-01, ఇలా మీ ఇంజిన్‌కి ఏది రాశారో అది. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి, కారు కదలకపోయినా సరే, అది గాల్లో తేమ పీలుస్తుంది. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి, 2314 అంటే 2014లో 23వ వారం. అరగలేదు కదా అని పదేళ్ల టైర్లతో హైవే ఎక్కకండి.

బ్యాటరీ మారిస్తే కారులో రిజిస్టర్ చేయించండి. లేకపోతే కంప్యూటర్ కొత్తదాన్ని కూడా పాత ముసలి బ్యాటరీ అనుకుని చార్జ్ చేస్తుంటుంది, త్వరగా పోతుంది. స్కానర్ ఉన్న మెకానిక్‌కి ఐదు నిమిషాల పని. ఆడీ వాళ్లు తిట్టుకోకండి, మీ ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకునే కార్బన్ గురించి చెప్పడానికే అరగంట కావాలి, అది వచ్చే వీడియోలో.