హెచ్‌డీ మేకప్ వేయించినా ఫొటోలో ముఖం ఎందుకు తేడాగా వస్తుంది?

"అన్నా, మేకప్ హెచ్‌డీదే బుక్ చేశాం, ఇక ఫొటోలు అదిరిపోవాలి." ఫొటోగ్రాఫర్‌ని కదా, ప్రీ వెడ్డింగ్ షూట్ మాట్లాడుకోవడానికి నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఈ మాట అంటారు. విన్నప్పుడల్లా నాకు లోపల చిరాకు. టీవీలు హెచ్‌డీకి మారిన కాలంలో పాత మందపాటి ఫౌండేషన్ తెర మీద పూత పూసినట్టు కనబడిపోయేది. అందుకని రంగు పొడిని మరీ మెత్తగా చేసి, పల్చగా పరుచుకునే ఫౌండేషన్లు తయారుచేశారు. మేకప్ ఫరెవర్ కంపెనీ 2008లో హెచ్‌డీ పేరుతోనే ఒకటి తెచ్చింది. ఇప్పుడు ఆ పేరు మన పార్లర్ రేటు కార్డులో ఒక గడి. దాని కింద ఇంకాస్త ఎక్కువ ధరకి ఎయిర్‌బ్రష్ అని ఇంకో గడి. ఎయిర్‌బ్రష్ అంటే రంగుని గాలితో చిమ్మే చిన్న గన్, అంతే. ఒకటి సరుకు పేరు, రెండోది పనిముట్టు పేరు. మీ షూట్‌లో వెలుగు ఎటునుంచి పడుతుందో ఈ రెండూ చెప్పవు. నాకు కావలసింది అది.

నా వెనక గోడ చూడండి. స్టూడియోకి రంగులు వేయిస్తున్నాం, ప్రస్తుతం లప్పం దగ్గర ఆగింది.

[లైటు ఎదురుగా]

చదునుగా, నున్నగా ఉంది కదా? ఇప్పుడు ఇదే లైటుని పక్కకి జరుపుతున్నాను.

[లైటు పక్కనుంచి]

చూశారా? కరణితో లాగిన ప్రతి గీతా, ప్రతి బొడిపే లేచి కూర్చుంది. గోడ అదే, లప్పం అదే. మీ చెంప కూడా ఇంతే. పార్లర్ అద్దం చుట్టూ ఎదురు లైట్లే ఉంటాయి కాబట్టి అక్కడ అన్నీ నున్నగానే కనిపిస్తాయి.

గండికోట తీసుకుందాం, అందరికీ అదే కావాలి కదా. పెన్నా లోయ అంచున తెల్లవారుజాము షూట్. డిసెంబర్, జనవరి నెలల్లో అక్కడ సూర్యుడు రావడం ఆరున్నర దాటాకే. రాగానే వెలుగు అడ్డంగా పక్కనుంచి పడుతుంది, గోడ మీద ఇప్పుడు పడినట్టే. మేకప్ మాత్రం చీకటితో లేచి, హోటల్ గదిలో పసుప్పచ్చ బల్బు కింద వేసి ఉంటారు. ఆ బల్బు కింద ఏ రంగు బుగ్గకి ఎంత పడిందో దేవుడికే తెలియాలి. పెయింట్ షాపులో ట్యూబ్‌లైట్ కింద ఎంచుకున్న రంగు ఇంటి గోడ మీద వేరేగా కనబడి గొడవపడే ఉంటారు. ఇక్కడా అదే గొడవ, కాకపోతే నిందపడేది కెమెరా మీద.

అందుకే మేకప్ ఆర్టిస్ట్‌తో మొదటి ఫోన్‌లోనే చెప్పాల్సినవి చెప్పండి. ఎక్కడ, ఏ టైమ్‌కి, ఎండలోనా నీడలోనా స్టూడియో లైట్లలోనా, దగ్గరి ఫొటోలు ఎక్కువా లేక దూరం నుంచి తీసేవా, చీర రంగేంటి, వెనక ఏముంటుంది. పగటి వెలుగులాంటి వెలుగిచ్చే డేలైట్ ఎల్‌ఈడీ ప్యానెల్ తెచ్చుకుంటారా అని అడగండి. "అదెందుకండీ" అంటే, ఆమెకు పెళ్లి మండపం అలవాటు ఉండొచ్చు గానీ కెమెరా అలవాటు తక్కువని అర్థం. ఫొటోగ్రాఫర్ నంబర్ కూడా ఆమెకివ్వండి, మేమిద్దరం పది నిమిషాలు మాట్లాడుకుంటే సగం పని అయిపోతుంది. ఈ ఒక్క ఫోన్ కాల్ చేయించడానికి ఎందుకంత మొహమాటపడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కెమెరాని బట్టి మేకప్ మారడం కొత్త విషయమేమీ కాదు. మూకీల రోజుల్లో ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనబడేది కాదు, ఎర్ర పెదవులు నల్లగా పడేవి. తర్వాత అన్ని రంగుల వెలుగూ పట్టే పాంక్రొమాటిక్ ఫిల్మ్ వచ్చింది. దానికి తగ్గట్టు హాలీవుడ్ మేకప్ నిపుణుడు మాక్స్ ఫ్యాక్టర్ 1928లో వేరే మేకప్ తయారుచేశాడు. దాదాపు వందేళ్ల కిందటే తేలిపోయిన లెక్క ఇది.

ఇప్పుడు ఫ్లాష్ సంగతి. సాయంత్రం షూట్‌లో కళ్లకింద, ముక్కు మీద సున్నం రాసినట్టు తెల్ల మచ్చలు పడతాయి కదా? దాన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటారు. మేకప్ చెదరకుండా పైన అద్దే సెట్టింగ్ పౌడర్లలో సిలికా ఎక్కువున్నవి, టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్లు ఫ్లాష్ వెలుగుని నేరుగా లెన్స్‌లోకి తిప్పికొడతాయి. మామూలు వెలుగులో ఏమీ కనబడదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. దీనికి పరీక్ష చాలా సులువు. షూట్‌కి ముందు మేకప్ ఒకసారి వేసి చూసే ట్రయల్ రోజు, మేకప్ అయ్యాక గదిలో లైట్లు ఆపేసి, ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీయండి. మచ్చలుంటే అందులోనే దొరుకుతాయి. పౌడర్ మార్చమని అప్పుడే చెప్పొచ్చు.

"ఎడిటింగ్‌లో తీసేయొచ్చుగా అన్నా?" తీయొచ్చు. ఒక్క ఫొటోలో. మూడు వందల ఫొటోల్లో తీయమంటే ఆ డబ్బులు వేరే, టైమ్ వేరే.

ఇంకోటి, నాకు బాగా కోపం తెప్పించేది. "మేడమ్, కొంచెం తెల్లగా చేయండి." రెండు షేడ్లు తెలుపు పెంచుతారు. నేను ఆ ముఖానికి ఎక్స్‌పోజర్ పెడితే మెడ, చేతులు ఇంకా ముదురుగా పడతాయి. ఇంట్లో పాత పెళ్లి ఆల్బమ్ తీయండి, ముఖం ఒకరిది, చేతులు ఇంకొకరివి. ఫౌండేషన్‌ని దవడ ఎముక మీద గీత గీసి, పగటి వెలుగులో మెడతో పోల్చి చూడాలి. గీత కలిసిపోయి కనబడకుండా పోతే అదే మీ షేడ్. సగం గోడకి ఒక డబ్బా, సగం గోడకి ఇంకో డబ్బా వేస్తే ఊరుకుంటారా మీరు?

లప్పం దగ్గరికి మళ్లీ వద్దాం. లప్పం ఆరకముందే రంగు వేస్తే ఏమవుతుంది? ఉండలు కట్టి ఊడి వస్తుంది. మాయిశ్చరైజర్ చర్మంలోకి ఇంకకముందే ఫౌండేషన్ వేసినా అంతే, నలుసులు నలుసులుగా రాలుతుంది. ఆర్టిస్ట్ ముఖానికి ఏదో రాసి పది నిమిషాలు ఊరికే కూర్చోబెడితే టైమ్ వేస్ట్ చేస్తోందని అనుకోకండి, పని నడుస్తున్నట్టే. విశాఖ బీచ్ లాంటి ఉక్క ఉన్నచోట ముఖం చెమ్మ పట్టిన గోడే. పౌడర్ మీద పౌడర్ వేస్తే అట్టలు కడుతుంది. ముందు బ్లాటింగ్ పేపర్‌తో జిడ్డు అద్ది తీసి, ఆ తర్వాతే పల్చగా పౌడర్. షూట్ అయ్యేవరకు ఆర్టిస్ట్ పక్కనే ఉండాలనేది ఇందుకే. వేసి వెళ్లిపోయే ప్యాకేజీ అవుట్‌డోర్‌కి పనికిరాదు, డబ్బు మిగిలినట్టే ఉంటుంది గానీ రెండో గంటకే తెలుస్తుంది.

ఎంచుకునేటప్పుడు ఇన్‌స్టాలో ఫిల్టర్ వేసిన రీల్స్ చూసి అడ్వాన్స్ కట్టకండి. ఎడిట్ చేయని ఫొటోలు, అదీ మీలాంటి చామనఛాయ వాళ్లవి, పంపమనండి. సినిమా మేకప్ చేసినవాళ్లే కావాలని పట్టుబట్టక్కర్లేదు. అసలు సినిమాల్లో మేకప్ పనిని యూనియన్లు చాలాకాలం ఆడవాళ్లకి ఇవ్వలేదు, హెయిర్ డ్రెస్సింగ్‌కే పరిమితం చేశాయి. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్ట్ కోర్టుకెక్కితే, 2014 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఆంక్ష చెల్లదని చెప్పింది. 2014! సెల్‌ఫోన్‌లో సెల్ఫీలు దిగుతున్న కాలం అది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

డబ్బు విషయం వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి. ఎన్ని లుక్స్, జుట్టు అందులోనే కలిపారా, చీర కట్టడం, అసిస్టెంట్, ప్రయాణం, బస, ఎన్ని గంటలు దాటితే అదనం, వాన పడి వాయిదా వేస్తే అడ్వాన్స్ ఏమవుతుంది. అబ్బాయికి కూడా మేకప్ ఉందో లేదో అడగండి, ఆయన ముక్కు మీద జిడ్డు కూడా నా లెన్స్‌లో పడుతుంది.

శుభ్రత గురించి అడగడానికి సిగ్గుపడకండి. బ్రష్‌లు కడిగినవేనా, మస్కారాకి పారేసే పుల్లలు వాడతారా, లిప్‌స్టిక్ నేరుగా రుద్దకుండా ప్లేట్ మీదకి తీసి బ్రష్‌తో వేస్తారా. కళ్లకలక ఉంటే మీరే ముందు చెప్పాలి. ఎలర్జీ ఉన్నవాళ్లు ఒకట్రెండు రోజుల ముందే చెవి వెనక కొంచెం రాయించుకుని చూడండి.

కొత్త ఫేషియల్ ప్రయోగాలు షూట్ వారంలో వద్దు. థ్రెడింగ్ రెండు మూడు రోజుల ముందే అయిపోవాలి. ముందురోజు తలస్నానం చేయండి, నూనె వద్దు. మేకప్‌కి కూర్చునేటప్పుడు గుండీల చొక్కా వేసుకోండి, తల మీదుగా తీసే టీషర్ట్ వేసుకుంటే గంటన్నర పని కాలర్‌కి అంటుకుపోతుంది. ఏడుకి షూట్ అంటే ముఖానికి, జుట్టుకి కలిపి రెండు గంటల పైనే పెట్టుకుని, నాలుగున్నరకల్లా కుర్చీలో ఉండండి. ఆర్టిస్ట్‌కి టిఫిన్ చెప్పడం మర్చిపోకండి, ఆమె మీకంటే ముందే లేచింది.

రాత్రి తిరిగొచ్చాక వెట్ వైప్‌తో తుడిచి పడుకోవద్దు. క్లెన్సింగ్ బామ్‌తోనో నూనెతోనో కరిగించి, ఫేస్‌వాష్‌తో కడిగి, అప్పుడు పడుకోండి. మర్నాడు ఉదయం రెండో షూట్ ఉంటే మరీనూ.