మారినవారు బయటికి, మిగిలినవారు వేదిక మీదికి

పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

కర్నూలులో కోల్స్ పేరు తెలియనివారు అరుదు. ఆ విద్యాసంస్థను నెలకొల్పిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆ దేశపు ఉత్తరాది శాఖకు చెందినది; బానిసత్వం మీద తగవు వచ్చి 1845లో విడిపోయిన దక్షిణాది బాప్టిస్టులది వేరే దారి. నేను నేడు మాట్లాడదలచినది ఆ రెండో దారి వారు పెద్ద భాగంగా ఉన్న వర్గం గురించి, అంటే రిపబ్లికన్ పార్టీకి దశాబ్దాలుగా కొండంత అండగా ఉన్న శ్వేతజాతి ఇవాంజెలికల్ క్రైస్తవుల (బైబిలే పరమ ప్రమాణమనీ, ప్రతి ఒక్కరూ స్వయంగా మారుమనసు పొందాలనీ నమ్మే ప్రొటెస్టెంట్ల) గురించి, వారిలో తరం మారితే పార్టీ పగ్గాలు ఎవరి చేతికి వెళతాయన్న ప్రశ్న గురించి.

వీరిని ఓటుబలంగా కూడగట్టిన పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ 1979లో మోరల్ మెజారిటీ సంస్థను స్థాపించి, 2007లో మరణించారు. ఆ తరం వెళ్లిపోతే యువకులు పాత పట్టుదలలు సడలించి పేదరికం, ఎయిడ్స్, పర్యావరణం వంటి విషయాల వైపు మొగ్గుతారని అప్పట్లో చాలామంది పరిశీలకులు భావించారు. 2008 ఆగస్టులో పాస్టర్ రిక్ వారెన్ కాలిఫోర్నియాలోని తన చర్చిలో అధ్యక్ష అభ్యర్థులైన ఒబామాను, మెకెయిన్‌ను ఒకే సాయంత్రం ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టి ప్రశ్నించినప్పుడు ఆ అంచనా సబబుగానే తోచింది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి, ఎగ్జిట్ పోల్స్ లెక్కన, ఈ వర్గంలో ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది ట్రంప్‌కు ఓటు వేశారు.

అంచనా ఎందుకు తప్పింది? యువకులు మారకపోవడం వల్ల కాదు, మారినవారు అక్కడ నిలవకపోవడం వల్లనని నా అభిప్రాయం. మన దగ్గర గుడి మెట్లెక్కనివాడు కూడా జనాభా లెక్కల్లో హిందువుగానే ఉంటాడు. అక్కడ చర్చి మానుకున్న యువకుడు సర్వేలో తనకు ఏ మతమూ లేదని రాసిస్తాడు. అమెరికా సర్వే సంస్థ పీఆర్ఆర్ఐ లెక్కల ప్రకారం 2006లో దేశ జనాభాలో 23 శాతంగా ఉన్న శ్వేతజాతి ఇవాంజెలికల్స్ 2020 నాటికి 14 శాతం దరిదాపులకు తగ్గారు. పెద్దలతో విభేదించినవారు లోపల ఉండి పోరాడకుండా తప్పుకుంటే, మిగిలిన యువకులు పెద్దలకంటే మెత్తగా ఉండాలన్న నియమమేమీ లేదు. ట్రంప్‌ను బాహాటంగా విమర్శించిన రస్సెల్ మూర్ వంటి నాయకుడు కూడా చివరికి 2021లో దక్షిణాది బాప్టిస్టు సంఘాన్ని వదిలి వెళ్లారు.

వారసుడంటే కొడుకే అనుకునే మన సీమవాసులకు ఫాల్వెల్ కుటుంబం కథ ఆసక్తి కలిగించక మానదు. తండ్రి స్థాపించిన లిబర్టీ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడైన జెర్రీ ఫాల్వెల్ జూనియర్, మూడు పెళ్లిళ్లు చేసుకుని కాసినోలు నడిపిన ట్రంప్‌కు 2016 జనవరిలోనే మద్దతు ప్రకటించారు. తండ్రి కుటుంబ నీతిని ముందు పెట్టి ఓట్లడిగారు. కొడుకు నాటికి, తమ పక్షాన గట్టిగా నిలబడే మనిషి దొరికితే చాలునన్న లెక్క పైకి వచ్చింది. లెక్క తప్పలేదు కూడా: ట్రంప్ నియమించిన ముగ్గురు న్యాయమూర్తులతో సుప్రీంకోర్టు 2022లో అబార్షన్ హక్కు తీర్పును కొట్టివేసింది.

ఇక రాబోయే నాయకత్వం. 1960లో కెన్నెడీని కాథలిక్ అన్న కారణంగానే అనుమానించిన పాస్టర్ల వారసులు, 2019లో కాథలిక్ మతం స్వీకరించిన జె.డి. వాన్స్‌ను ఉపాధ్యక్షుడిగా ఆమోదించారు. వాన్స్ భార్య ఉష గారి తెలుగు మూలాల గురించి మన పత్రికలు రాసినంతగా ఈ మార్పు గురించి రాయలేదు. శాఖాభేదం వెనక్కి వెళ్లి, ఉమ్మడి శత్రువు ఎవరన్నది ముందుకు వచ్చింది. ఆ వర్గం అచ్చంగా తన కోసమే తయారు చేసుకున్నట్టుండే మైక్ పెన్స్, ట్రంప్ తొలి పాలనలో ఉపాధ్యక్షుడిగా పనిచేసినవారు, అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీకి దిగి, ఒక్క ఓటూ పడకముందే 2023 అక్టోబరులో విరమించుకున్నారు.