ఆట కొనేముందు దాన్ని తయారుచేసేవాడి మాటతీరు ఎందుకు చూస్తాం?

[మిద్దె మీద చాప. మధ్యలో బోర్డు, పక్కన బొరుగుల గిన్నె. వెనక శేషాచలం కొండలు.]

నమస్తే. తిరుపతి భవానీ నగర్‌లో మా మిద్దె ఇది. ఆదివారం సాయంత్రమైతే ఐదారుగురం ఇక్కడ చేరి బోర్డ్ గేములు ఆడతాం. బొరుగులు తిన్న చేత్తో కార్డులు ముట్టుకుంటే మాత్రం ఊరుకోం.

పోయిన ఏడాది ఇదే చాప మీద ఒక పంచాయితీ నడిచింది. విదేశాల నుంచి ఒక గేమ్ తెప్పించుకోవాలి. ఎవరికి వాళ్లు తెప్పించుకుంటే షిప్పింగ్‌కే బోలెడు ఖర్చు. అందుకని అందరం కలిసి ఒకే ఆర్డరు పెడదామనుకున్నాం. రెండు గేములు చూసి పెట్టుకున్నాం. రెండూ ఇంకా తయారు కాలేదు, క్రౌడ్‌ఫండింగ్‌లో ఉన్నాయి. అంటే ఇప్పుడు డబ్బు కడితే, అంతా సవ్యంగా జరిగితే, ఏడాదికో ఏడాదిన్నరకో డబ్బా చేతికొస్తుంది.

మావాడొకడు ఆ గేములు తయారుచేస్తున్న ఇద్దరు డిజైనర్లకూ ఒకే ప్రశ్న పంపాడు. "ఇండియాకు పంపుతారా? కస్టమ్స్ ఎవరు కట్టుకోవాలి?"

మొదటాయన గంటలోపే జవాబిచ్చాడు. పంపుతాం, పేజీలో రాసే ఉంది, చదవడం వస్తే చదువుకోండి అని. అంతటితో వదల్లేదు. మావాడి ప్రశ్నను స్క్రీన్‌షాట్ తీసి, తన ఖాతాలో పెట్టి, నలుగురితో కలిసి నవ్వుకున్నాడు.

"ఏందప్పా ఇది, అడిగినందుకు తిట్టినాడే" అన్నాడు మావాడు. మొహం చిన్నబోయింది.

రెండో ఆయన మూడు రోజులకు రాశాడు. ఈసారి ఇండియాకు పంపలేనన్నాడు. అక్కడ సుంకం ఎంత పడుతుందో లెక్క తేలలేదనీ, మీ డబ్బు తీసుకుని తర్వాత చేతులెత్తేయడం ఇష్టం లేదనీ, సింగపూర్‌లో మీవాళ్లెవరైనా ఉంటే అక్కడికి పంపగలననీ రాశాడు.

మాకు సింగపూర్‌లో ఎవరున్నారు? ఎవరూ లేరనుకున్నాం. అరగంట తర్వాత మా వదినవాళ్ల తమ్ముడు గుర్తొచ్చాడు.

ఇప్పుడు చూడండి. పంపుతానన్నాయనకు మా డబ్బు పోలేదు, పంపలేనన్నాయనకు పోయింది.

[గాంధీ రోడ్డు. చీరల దుకాణం ముందు జనం.]

గాంధీ రోడ్డులో చీర కొంటే అంచు పట్టి చూస్తాం, వెలుతురులోకి తెచ్చి చూస్తాం. మామిడిపండైతే తొడిమ దగ్గర వాసన చూస్తాం. ఈ గేముల విషయంలో డబ్బు కట్టేనాటికి వస్తువే ఉండదు. నాలుగు బొమ్మలుంటాయి, ఒక వీడియో ఉంటుంది, తయారుచేసే మనిషి మాట ఉంటుంది. మాది దుకాణం కాదు అని, ఇలా ముందే డబ్బు పోగుచేసే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్ 2012 సెప్టెంబరులోనే బాహాటంగా రాసుకుంది. మరి మనం కడుతున్నది దేన్ని చూసి?

చీటీలో చేరే ముందు ఏం చేస్తాం? చీటీ నడిపే ఆవిడ గురించి వీధిలో నలుగుర్ని అడుగుతాం. పోయినసారి పాట పాడినవాళ్లకు డబ్బు సమయానికి ఇచ్చిందా, ఫోన్ ఎత్తుతుందా అని. అదే లెక్క ఇక్కడా. ఆన్‌లైన్‌లో డిజైనర్ ఎవరితో ఎలా మాట్లాడుతున్నాడో చూడటమే మనకు ఆ వీధి విచారణ. పైగా డబ్బా వచ్చాక కూడా ఆయనతో పని ఉంటుంది. ఒక రూలు అర్థం కాదు, ఒక కార్డు తక్కువొస్తుంది. ఇప్పుడు ప్రశ్నకు నవ్వినవాడు అప్పుడు పలుకుతాడా?

అయితే మెత్తగా మాట్లాడేవాళ్లంతా నమ్మదగినవాళ్లా అంటే, అస్సలు కాదు. నేను ఎక్కువ భయపడేది అక్కడే.

[తెర మీద: 2012, 2013, 2015]

అమెరికాలో 2012లో "ద డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ" అనే బోర్డ్ గేమ్ కోసం ఒకాయన కిక్‌స్టార్టర్‌లో 35,000 డాలర్లు అడిగాడు. 1.22 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. పని సాగుతోందని అప్‌డేట్లు పెడుతూ వచ్చాడు. 2013లో ఒకరోజు, గేమ్ రావడం లేదన్నాడు. ఆ డబ్బులో చాలావరకు ఇంటి అద్దెకు, సొంత ఖర్చులకు పోయిందని అక్కడ కొనుగోలుదారుల మోసాల కేసులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2015లో కేసు రాజీతో ముగిసింది. క్రౌడ్‌ఫండింగ్ మీద ఆ కమిషన్ చేపట్టిన మొదటి కేసు అదే.

అందుకే నేను తీయదనం పక్కనపెట్టి, చెడ్డ కబురు ఎలా చెబుతాడన్నది చూస్తాను. "త్వరలో", "చాలా ఎగ్జైటెడ్‌గా ఉన్నాం" లాంటి మాటలు నాలుగు నెలలు వరసగా వస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. "ఫ్యాక్టరీలో రంగు తప్పొచ్చింది, ఆరు వారాలు ఆలస్యం" అంటే కోపమొస్తుంది కానీ నిద్ర పడుతుంది. 2019లో వింగ్‌స్పాన్ అనే పక్షుల బోర్డ్ గేమ్ వచ్చినప్పుడు స్టాకు చాలక జనం మండిపడ్డారు. దాన్ని ప్రచురించిన స్టోన్‌మేయర్ గేమ్స్ నడిపే జేమీ స్టెగ్‌మేయర్ ఎన్ని కాపీలు అచ్చవుతున్నాయో లెక్కలతో సహా బయటపెట్టారు. తిట్లు ఆగాయని చెప్పను. దొరకనివాళ్లు తర్వాతి అచ్చు కోసం ఎదురుచూశారు, అంతే.

పెద్ద కంపెనీలకు ఈ బాధ లేదనుకుంటే 2023 జనవరి గుర్తు చేసుకోవాలి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు వేసుకుని కథలా ఆడే ఆటను తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్, 2000 నుంచి నడుస్తున్న ఓపెన్ గేమ్ లైసెన్స్‌ను, అంటే ఆ ఆట నియమాలు వాడుకుని ఇతరులు పుస్తకాలు వేసుకోవడానికి ఇచ్చిన అనుమతిని, మార్చబోయింది. ఆ లైసెన్స్ మీదే అప్పట్లో ఎందరో చిన్న చిన్న ప్రచురణకర్తలు బతుకుతుండేవారు. ముసాయిదా బయటికి పొక్కింది. కంపెనీ కొన్ని రోజులు నోరు మెదపలేదు. మెదిపాక అన్నదేమిటి? జనం గెలిచారు, మేమూ గెలిచాం, అని! మంట మీద నెయ్యి పోసినట్టయింది. ఆటగాళ్లు ఆ ఆట ఆన్‌లైన్ సేవ డీ అండ్ డీ బియాండ్ చందాలు రద్దు చేసుకున్నారు. అదే సమయంలో పోటీ సంస్థ పైజో, ఎనిమిది నెలలకు సరిపోతుందనుకున్న తన ఆట పాత్‌ఫైండర్ రూల్‌బుక్ స్టాకు రెండు వారాల్లో అయిపోయిందని చెప్పింది. విజార్డ్స్ కంపెనీ సర్వే పెడితే 15 వేల మందికి పైగా జవాబిచ్చారు. జనవరి 27న మూల నియమావళిని ఎవరైనా వాడుకునే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేసి, వెనక్కి తగ్గింది. ఆ నెలలో ఆట నియమాల్లో ఒక్క అక్షరం మారలేదు. మారింది కొనేవాళ్ల మనసు.

[మళ్లీ మిద్దె. చీకటి పడుతోంది.]

కొనేవాళ్లం మనమూ తక్కువేం కాదు. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి పదకొండింటికి ఒక్కడే వందల మెసేజీలకు జవాబు రాసే డిజైనర్ ఒకసారి విసుక్కుంటే, దాన్ని పట్టుకుని ఏడాది పొడుగునా ఊరేగిస్తాం. నాకైతే ఒక గీత ఉంది. రివ్యూ రాసినవాడితో డిజైనర్ గొడవ పడితే నవ్వుకుని వెళ్లిపోతా, అది వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. డబ్బు కట్టబోయేవాడి అమాయకపు ప్రశ్నను ఎగతాళి చేస్తే మాత్రం పర్సు మూసేస్తా.

మా గేమ్ సంగతి చెప్పలేదు కదూ. మూడు నెలలు ఆలస్యంగా, వదినవాళ్ల తమ్ముడి సూట్‌కేసులో, చీరల మధ్య ముడుచుకుని వచ్చింది. ఒక పాచిక తక్కువ. మెయిల్ పెడితే రెండో రోజే జవాబు, నెలకు పాచిక. చిన్న కవరులో ఒకటికి రెండు పెట్టాడు.

ఇక ఆ మొదటాయన గేమ్. తిట్టు తిన్న మావాడే దాన్ని చిత్తూరులో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో పట్టుకొచ్చాడు. "ఆయనకు పైసా ముట్టలేదన్నా" అని ముందే సంజాయిషీ. నిన్న ఆడాం. ఏం చెప్పమంటారు, గేమ్ బాగుంది. ఇంకో ఆట వేద్దామని వాడే అన్నాడు.