కెరటం రాని సాయంత్రం

శ్రోతలకు నమస్కారం.

2012 ఏప్రిల్ 11, బుధవారం. మధ్యాహ్నం 2 గంటలు దాటింది. విశాఖపట్నంలో మా పిన్ని వాళ్ళింట్లో, నాలుగో అంతస్తులో, భోజనాలు ముగించి కూర్చున్నాం. ఉన్నట్టుండి కుర్చీ మెల్లగా ఊగినట్టయింది. కళ్ళు తిరుగుతున్నాయేమో, పొద్దున బీపీ మాత్ర మర్చిపోయానేమో అనుకున్నాను. భూకంపం వచ్చినప్పుడు చాలామందికి మొదట తట్టేది ఇదే. కదులుతున్నది భూమి అని తోచదు, మనకే ఏదో అవుతోందనిపిస్తుంది. ఇంతలో మా పిన్ని గోడకున్న క్యాలెండర్ వైపు చూసి, "ఏవిట్రా, ఫ్యాన్ కట్టేసే ఉంది కదా, అదెందుకు ఊగుతోంది?" అంది.

అప్పుడు పరిగెత్తాం. మెట్ల మీద అపార్ట్‌మెంట్ అంతా ఉంది. ఒకావిడ పాలగిన్నెతో సహా దిగింది. పక్క ఫ్లాటు పెద్దాయన కిందికి వచ్చి పది నిమిషాలయ్యాక గానీ తన చేతిలో టీవీ రిమోట్ ఉందని చూసుకోలేదు. అందరూ ఫోన్లు చెవికి పెట్టుకున్నారు గానీ ఒక్కరికీ కలవలేదు. ఒకేసారి ఊరంతా డయల్ చేస్తే ఎలా కలుస్తుంది?

సుమత్రా దీవికి పడమరగా, సముద్రగర్భంలో వచ్చిన భూకంపం అది. తీవ్రత 8.6. రెండు గంటల తర్వాత, 4 గంటల 13 నిమిషాలకి, అక్కడికి దగ్గర్లోనే 8.2 తీవ్రతతో మరొకటి వచ్చింది. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నిటికీ సునామీ వార్త పాకింది. మన దేశంలో ఈ కబురు చెప్పే కేంద్రం ఎక్కడుందో తెలుసా? సముద్రం కంటికి కనిపించని హైదరాబాద్‌లో. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. 2004 సునామీ తర్వాత, 2007లో అక్కడ ఈ హెచ్చరిక కేంద్రం మొదలైంది. రాత్రీ పగలూ మనుషులు డ్యూటీలో ఉంటారు.

వాళ్ళు పంపే కబుర్లలో మూడు మెట్లుంటాయి: వార్నింగ్, అలర్ట్, వాచ్. వార్నింగ్ అంటే వెంటనే తీరం ఖాళీ చేయాలి. అలర్ట్ అంటే బీచ్ వదిలి సిద్ధంగా ఉండాలి. వాచ్ అంటే ఇప్పటికి కదలక్కర్లేదు, తర్వాతి కబురు కోసం చెవి ఒగ్గి ఉండండి అని. ఆఫీసు దాకా ఈ తేడా బాగానే వెళుతుంది. టీవీ కింద స్క్రోలింగ్ దగ్గరికి వచ్చేసరికి మూడూ కలిసి 'సునామీ హెచ్చరిక' అన్న ఒక్క మాటగా మారిపోతాయి. మూడు రకాల పనులకు తెలుగులో ఒకే మాట. వినేవాడు ఏం చేయాలి? మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు చేసిన పని మాత్రం వాచ్‌కి సరిగ్గా సరిపోయింది. "రండ్రా, బీచ్‌కెళ్ళి చూసొద్దాం" అని బైకులు తీశారు.

సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేనూ వెళ్ళాను.

ఆర్కే బీచ్ రోడ్డు మీద పోలీసులు మైకులో అరుస్తున్నారు. జనం ఒక పక్క నుంచి వెళ్ళి ఇంకో పక్క నుంచి తిరిగి వస్తున్నారు. సముద్రం వైపు చూడటం, ఆకాశం వైపు చూడటం. "మబ్బు లేదు, గాలి లేదు, ఇంకేం వస్తుంది?" అన్నాడు ఒకాయన. ఆ మాటని నేను తేలిగ్గా తీసుకోను. మన తీరంలో పుట్టి పెరిగినవాడి లెక్క అది. మనకి తెలిసిన విపత్తు తుఫాను. అది ముందు వాయుగుండం అవుతుంది, పేరు పెట్టించుకుంటుంది, ఓడరేవులో ఒకటో నంబరు ఎగురుతుంది, ఆకాశం నల్లబడుతుంది. 1977 నవంబరు 19న దివిసీమని ముంచి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఉప్పెన కూడా గాలితో, వానతో వచ్చింది. సునామీకి ఈ తతంగమేమీ ఉండదు. 2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున 6 గంటల 29 నిమిషాలకి సుమత్రా దగ్గర భూమి కదిలింది. మన తీరానికి కెరటం చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ఆ రెండు గంటల్లో మనకి చెప్పేవాళ్ళు లేరు. ఆ రోజు పౌర్ణమి. బందరు దగ్గర మంగినపూడిలో సముద్రస్నానాలకి వచ్చినవాళ్ళు నీళ్ళలో ఉండగానే కొట్టుకుపోయారు. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పోయారు. ఆకాశం తేటగా ఉంది.

సరే, బీచ్ రోడ్డుకి వద్దాం. అక్కడ మొక్కజొన్న పొత్తులు కాల్చే ఒకావిడ ఉంది. తోపుడు బండి మీద కుంపటి, పక్కన పొత్తుల గుట్ట, ఓ గిన్నెలో ఉప్పూ కారం, నిమ్మచెక్కలు. ఆమె ఆకాశం వైపు చూడటం లేదు. ఇసుక తడి ఎక్కడిదాకా ఉందో చూస్తోంది. "నీరు ఎనక్కెళ్తే చూడాల బాబూ. అప్పుడింకాగకూడదు" అంది. 2004లో ఆమె అక్కడే ఉందట. నిజానికి ప్రతి సునామీకీ ముందు నీరు వెనక్కి వెళ్ళదు. కొన్నిచోట్ల మొదటే ఎత్తుగా వచ్చేస్తుంది. ఆ ముక్క ఆమెకి చెప్పాలనిపించింది గానీ, చూడ్డానికి వచ్చినవాడిని నేను, ఆమెకేం చెబుతాను? మాటల్లోనే పోలీసు వచ్చాడు. ఆమె బొగ్గుల మీద బూడిద కప్పి, పొత్తుల మీద గోనె పరిచి, బండి కదిలించింది. విశాఖలో వాలుగా ఉన్న రోడ్డుని 'డౌన్' అంటారు. ఎక్కుతున్నా డౌనే, దిగుతున్నా డౌనే. ఆమె కలెక్టరాఫీసు డౌన్ ఎక్కడం మొదలుపెట్టింది. వెనక నుంచి ఒక కుర్రాడు చెయ్యి వేశాడు.

అదే సమయానికి ఇండోనేషియాలో బందా ఆచే నగరం రోడ్ల మీద ఉంది. 2004లో ఆచే ప్రాంతం లక్షన్నర మందికి పైగా మనుషుల్ని పోగొట్టుకుంది. వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. భూమి గట్టిగా, ఎక్కువసేపు కదిలితే పరిగెత్తాలని ప్రతి ఇంటికీ తెలుసు. పరిగెత్తారు. కాకపోతే బైకుల మీద, కార్లలో. ముందు బడికెళ్ళి పిల్లల్ని ఎక్కించుకున్నారు, తర్వాత అమ్మానాన్నల ఇంటికి వెళ్ళారు, అప్పుడు ఊరి బయటికి బయల్దేరారు. కూడళ్ళన్నీ బిగుసుకుపోయాయి. కరెంటు పోయింది. సైరన్లు వేళకి మోగలేదు. సునామీ వస్తే ఎక్కి నిలబడటానికని తీరం దగ్గరే ఎత్తయిన భవనాలు కట్టారు. చాలామంది వాటిని దాటుకుని పోయారు. కెరటం గనక వచ్చి ఉంటే ట్రాఫిక్‌లోనే దొరికేవాళ్ళు.

ఇది తెలివితక్కువతనమని నేననను. పిల్లలు బడిలో ఉండగా డాబా ఎక్కి నిలబడగలిగే తల్లి ఎక్కడైనా ఉంటుందా? జపాన్ ఈశాన్య తీరంలో దీనికో పాత మాట ఉంది: సునామీ తెందెంకో. ఎవరికి వారే పరిగెత్తండి అని. వినగానే స్వార్థంలా అనిపిస్తుంది. అసలు అర్థం అది కాదు. నా బిడ్డ ఈపాటికి కొండెక్కే ఉంటాడు, నా కోసం ఆగడు అన్న నమ్మకం ఉంటేనే తల్లి కూడా ఎక్కుతుంది. ఆ నమ్మకం సైరన్ మోగాక పుట్టదు. ఏళ్ళ ముందు ఇంట్లో మాట్లాడుకుని ఉండాలి. 2011 సునామీ అప్పుడు కమైషి పట్టణంలో హైస్కూలు పిల్లలు మాస్టర్ల మాట కోసం కూడా చూడకుండా ఎత్తుకి పరిగెత్తారు. పక్కనున్న చిన్న బడి పిల్లలు వాళ్ళని చూసి వెంటపడ్డారు. బళ్ళు రెండూ మునిగాయి, పిల్లలు మిగిలారు.

ఇంతకీ 2012లో పెద్ద కెరటం ఎందుకు రాలేదు? నీళ్ళ గోలెంలో చెయ్యి పెట్టి అడుగు నుంచి అరచేతిని ఒక్కసారి పైకి ఎత్తండి. నీళ్ళు ఒలికిపోతాయి. అదే చేతిని అడుగున పక్కకి జరపండి. పైన పెద్దగా తెలియదు. 2004లో సముద్రపు నేల పైకి లేచింది. 2012లో సముద్రం కింది నేల ముక్కలు ఒకదాని పక్కనుంచి ఒకటి అడ్డంగా జారాయి. ఇండోనేషియా తీరంలోనే కెరటం ఒక మీటరు దగ్గర ఆగిపోయింది. అయితే జారిందా లేచిందా అన్నది మొదటి నిమిషాల్లో తేల్చడం కష్టం. తేలేదాకా ఆగి చెబితే దగ్గర్లో ఉన్నవాళ్ళకి టైముండదు. కాబట్టి ముందు చెబుతారు, తర్వాత కావాలంటే ఎత్తేస్తారు.

ఎత్తేసిన మర్నాడు మన దగ్గర వినిపించే కథ 'నాన్నా పులి'. నాకు ఆ పోలిక నచ్చదు. కథలో పిల్లవాడు లేని పులిని ఉందన్నాడు. ఇక్కడ పులి వచ్చింది, పొద దగ్గర ఆగి వెళ్ళిపోయింది. నిజంగా నాన్నా పులి అనదగ్గది ఒకటి మనకే జరిగింది. 2004 సునామీ అయిన నాలుగో రోజు, డిసెంబరు 30న, మరో సునామీ రావచ్చంటూ కేంద్ర హోం శాఖ నుంచి కబురు వచ్చింది. ఎక్కడో విదేశంలో ఒక సంస్థ జోస్యం చెప్పిందని! శవాలు వెతుక్కుంటున్నవాళ్ళు, సహాయం అందిస్తున్నవాళ్ళు, అందరూ పరుగు తీశారు. అప్పటి సైన్స్ శాఖ మంత్రి కపిల్ సిబల్ అదే రోజు దాన్ని కొట్టిపారేశారు. భూకంపాన్ని ముందుగా చెప్పలేరు. వచ్చేశాక కెరటం ఎప్పుడు చేరుతుందో చెప్పగలరు. ఈ రెండిటికీ మధ్య తేడా తెలియక ఆ రోజు వేలమంది పరిగెత్తారు.

హెచ్చరికలో అంకె ఉంటే నమ్మకంగా ఉంటుందనుకుంటాం. జపాన్ అనుభవం వేరే చెబుతుంది. 2011 మార్చి 11న భూకంపం వచ్చిన మూడు నిమిషాలకే హెచ్చరిక వచ్చింది. అంత వేగం ఇంకెక్కడా లేదు. ఇవాతె తీరానికి 3 మీటర్లు అన్నారు. అక్కడ తారో అనే ఊళ్ళో గోడ ఎత్తు 10 మీటర్లు. 3 మీటర్లు వింటే ఆ గోడ వెనకున్నవాళ్ళు ఏమనుకుంటారు? అంతకు ముందు ఏడాదే చిలీ భూకంపం అప్పుడు పెద్ద హెచ్చరిక ఇచ్చారు, వచ్చింది మీటరు పైచిలుకు. ఎక్కువ చెప్పామని అధికారులు క్షమాపణ కూడా అడిగారు. 2011లో ఆ 3 మీటర్ల అంకెని అరగంట లోపు 6 చేశారు, తర్వాత 10కి పైన అన్నారు. అప్పటికి కరెంటు పోయింది. చాలా ఇళ్ళలో మొదటి అంకె ఒక్కటే మిగిలింది. గోడ దాటి నీరొచ్చింది.

ఆ తర్వాత వాళ్ళు చేసిన మార్పు రేడియోలో మాట్లాడేవాడిగా నాకు బాగా పట్టింది. 8 దాటిన భూకంపమైతే మొదటి కబురులో మీటర్లు చెప్పడం మానేశారు. 'చాలా పెద్దది' అని మాత్రమే అంటారు. గొంతు కూడా మార్చారు. వార్తలు చదివేటప్పుడు తొణకకూడదని మాకు నేర్పుతారు. జపాన్‌లోనూ అంతే. 2024 జనవరి 1న నోటో భూకంపం అప్పుడు అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థలో వార్తలు చదివే అమ్మాయి దాదాపు అరిచింది. ఇప్పుడే పారిపోండి, 2011ని గుర్తుచేసుకోండి అని. వినని వాళ్ళుంటే ఒకసారి వినండి, భాష రాకపోయినా లేచి నిలబడతారు. టీవీ ముందు కూర్చున్నవాడికి ప్రశాంతమైన గొంతు వినిపిస్తే, ఏం ఫరవాలేదనే అర్థమవుతుంది.

2025 జులై 30న రష్యాలోని కమ్‌చాట్కా దగ్గర 8.8 వచ్చింది. మన తీరానికి ప్రమాదం లేదని ఇన్‌కాయిస్ చెప్పేసింది. జపాన్‌లో మాత్రం దాదాపు 20 లక్షల మందిని ఎత్తైన చోటికి వెళ్ళమన్నారు. ఆ రోజే ఆ దేశంలో ఒకచోట 41.2 డిగ్రీల ఎండ. హొక్కైడోలో జనం ఫైర్ స్టేషన్ డాబా మీద గొడుగులు వేసుకుని కూర్చున్నారు. సోషల్ మీడియాలో అంతకుముందే ఒక పుకారు ఉంది, ఆ నెల 5న మహా ప్రళయం వస్తుందని ఒక బొమ్మల పుస్తకంలో రాసి ఉందని. 5న ఏమీ రాలేదు. 30న వచ్చేసరికి, చూశారా, కాస్త ఆలస్యమైందంతే అన్నారు. జోస్యం ఎప్పుడూ తప్పదు కదా! జపాన్‌లో కెరటం ఎక్కువలో ఎక్కువ మీటరు పైచిలుకు. అయినా మర్నాడు సాయంత్రం దాకా పూర్తిగా ఎత్తేయలేదు. సునామీ ఒక్క కెరటం కాదు, గంటల తరబడి వస్తూ పోతూ ఉంటుంది. మొదటిది చూసి ఇంతేనా అని దిగిపోయినవాళ్ళు రెండోదానికి దొరికిన సందర్భాలున్నాయి.

విశాఖలో ఆ బుధవారం మేం చేసిందీ అదే. చీకటి పడేలోపు హెచ్చరిక ఎత్తేశారు. ఆ కబురు పూర్తిగా తెలియకముందే జనం బీచ్‌కి దిగారు. మామూలు బుధవారం కంటే ఎక్కువే. మా పిన్ని కూడా వచ్చింది, పొద్దుటి చీరలోనే. రాని సునామీని చూడ్డానికి పిల్లలతో సహా వచ్చి, ఇసుకలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. పొత్తులావిడ డౌన్ దిగి వచ్చి తన చోట్లో కుంపటి విసురుతోంది. బూడిద కింద నిప్పు అలాగే ఉంది. బండి చుట్టూ ఇరవైమంది. మధ్యాహ్నానికి ఇప్పటికి పొత్తు మీద 5 రూపాయలు పెంచింది. ఇదేం అన్యాయమని పిన్ని అడిగితే, ఆమె తలెత్తకుండా నిమ్మచెక్క రుద్దుతూ అంది:

"బండి పైకెక్కించిన కూలమ్మా."