ఎల్క్‌ల పగలూ రాత్రీ, మన వేటకాలం

అందరికీ నమస్కారం.

కొలరాడోలో ఉంటున్న తెలుగువాళ్లం చాలామందిమి సెప్టెంబరు రాగానే పిల్లల్ని వెంటబెట్టుకుని ఎస్టెస్ పార్కుకు వెళ్తాం. ఆ ఊరిని ఆనుకుని ఉన్న రాకీ మౌంటెన్ జాతీయ ఉద్యానవనంలో వేట నిషేధం. అక్కడి పచ్చిక బయళ్లలో మగ ఎల్క్‌లు సన్నగా ఈల వేసినట్టు అరుస్తూ, రోడ్డు పక్కన నిలబడ్డ జనాన్ని లెక్కచేయకుండా తిరుగుతుంటాయి. వేట సాగే అడవుల్లో అదే కాలంలో పగలు ఒక్క ఎల్క్ కంటపడడమే గగనం. ఈ తేడా గురించే ఇవాళ మాట్లాడతాను.

ఎల్క్ ఒక జింక జాతి, మన నల్లమల కణితికి చుట్టమే, కానీ ఇంకా పెద్దది. మగది 300 కిలోలు దాటుతుంది. నెమరువేసే జంతువు కాబట్టి దాని రోజును నడిపేది కడుపే. కాసేపు మేస్తుంది, పడుకుని నెమరువేస్తుంది, మళ్లీ లేస్తుంది. తెల్లవారుజామున, మునిమాపు వేళ మేత ఎక్కువ. ఎండెక్కాక చెట్ల నీడకు చేరుతుంది.

భయం ఈ దినచర్యను మార్చేస్తుంది. ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలోకి 1995, 96లలో తోడేళ్లను తిరిగి తెచ్చారు. మెడకు కట్టిన జీపీఎస్ పట్టీల వల్ల తేలిందేమిటంటే, తోడేళ్లు ఎక్కువగా వేటాడేది ఉదయసంధ్యలో, సాయంసంధ్యలో. ఎల్క్‌లు ప్రమాదకరమైన బయళ్లను పూర్తిగా వదిలేయలేదు, తోడేళ్ల అలికిడి తగ్గే వేళల్లో, ముఖ్యంగా రాత్రిపూట, అక్కడికే వెళ్లి మేశాయి.

మనిషి వేట వేళలు వేరు. ఇక్కడి చట్టం ప్రకారం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా తుపాకీ పేల్చవచ్చు. అంటే మేతకు అనువైన రెండు సంధ్యల్లోనూ చాలా భాగం, పగలంతా, అపాయమే. మిగిలింది రాత్రి. అందుకే వేటకాలంలో అవి బయళ్లలో మేతను చీకటి పడ్డాకకు వాయిదా వేసుకుని, పగలు దట్టమైన అడవిలో, రోడ్లకు దూరంగా గడుపుతాయి.

కెనడాలోని అల్బర్టాలో జరిగిన పరిశోధన నన్ను బాగా ఆలోచింపజేసింది. ఎక్కువగా తిరిగే, బయళ్లలోకి ధైర్యంగా వచ్చే ఎల్క్‌లు వేటగాళ్లకు దొరికిపోయాయి. జాగ్రత్తగా ఉన్నవి మిగిలాయి. ఆడ ఎల్క్‌లు వయసు పెరిగేకొద్దీ నేర్చుకుంటాయి కూడా. కదలిక తగ్గిస్తాయి, రోడ్డు దగ్గర్లో ఉంటే చాటు వెతుక్కుంటాయి. తొమ్మిది, పదేళ్లు దాటిన ఆడ ఎల్క్ వేటగాడికి చిక్కడం చాలా అరుదు. కాబట్టి వేట మందలో తలల సంఖ్యను తగ్గించడంతో ఆగదు, ఎలాంటివి మిగలాలో కూడా నిర్ణయిస్తోంది. ఏటా వేట లైసెన్సుల సంఖ్య గురించి జరిగే చర్చలో ఈ మాట వినిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

వేట మొదలవగానే చాలా మందలు ప్రభుత్వ అడవిని వదిలి, వేటకు అనుమతించని ప్రైవేటు రాంచ్‌ల్లోకి, అంటే పశువుల్ని పెంచే పెద్ద పొలాల్లోకి, చేరతాయి. అడవిలో వేటగాడికి ఏమీ దొరకదు. రాంచ్ యజమానికేమో గడ్డి పోతుంది, కంచెలు తెగుతాయి. మందను అదుపులో ఉంచడానికి పెట్టిన వేట ఆ పని చేయలేకపోతుంది. కొన్ని రాష్ట్రాలు రాంచ్‌ల్లోనూ ఆడవాటిని వేటాడే పర్మిట్లు ఇస్తున్నాయి. దానివల్ల కొంత ఫలితం ఉంది. కానీ అక్కణ్నుంచి తరిమితే అవి వెళ్లాల్సిన అడవి ప్రశాంతంగా ఉండాలి కదా!

ఓరెగాన్‌లోని స్టార్కీ ప్రయోగ అడవిలో ఎత్తైన కంచె లోపల దశాబ్దాలుగా ఎల్క్‌లను గమనిస్తున్నారు. వాహనాలు తిరిగే రోడ్లకు అవి దూరం జరుగుతాయని అక్కడ స్పష్టంగా కనబడింది. మోటారు బళ్లకే కాదు, సైకిళ్లకూ, కాలినడకన వెళ్లేవాళ్లకూ తప్పుకుంటాయి. అంటే తుపాకీ పట్టని మనం కూడా ఈ లెక్కలో ఉన్నాం. నా దృష్టిలో మొదట చేయాల్సింది వేటకాలంలో మరిన్ని అటవీ రోడ్లకు గేట్లు వేయడం. అలా మూసిన గేటు కనబడితే పక్కసందులోంచి సైకిలు దూర్చకండి. అక్టోబరులో అడవికి వెళ్తే వేటగాళ్లకు కనబడేలా నారింజరంగు చొక్కా వేసుకోండి, సంధ్యవేళలు ఎల్క్‌లకు వదిలేసి మధ్యాహ్నం నడవండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.