పలక కంటే ముందు పట్టాల్సినవి

చెన్నైలోని తెలుగు ఇళ్ల తల్లిదండ్రులకు, ఎల్‌కేజీ, యూకేజీ టీచర్లకు నమస్కారం.

బడిలో చేరిన మూడు నెలలకే "మా పాప వందదాకా ఒప్పజెబుతోంది" అంటారు. సంతోషమే. ఆ పాపనే వంటింట్లోంచి అయిదు చెంచాలు తెమ్మనండి. గుప్పెడు పట్టుకొస్తే, తనకు వచ్చింది పాట, లెక్క కాదు. ఒక్కో చెంచాకు ఒక్కో అంకె చెప్పడం, చివర చెప్పిన అంకే మొత్తమని తెలియడం, రెండూ కుదరాలి. కుదరకపోతే రెండో తరగతిలో అప్పు తెచ్చుకునే తీసివేతల దగ్గర బండి ఆగుతుంది. అప్పుడు ట్యూషన్ పెట్టిస్తాం!

చదవడం చెవితో మొదలవుతుంది. "అరటి" అంటూ మూడు చప్పట్లు కొట్టించండి. "కమలలో క తీసేస్తే?" అని అడగండి. "మల" అన్న పిల్లకు అక్షరం ఎందుకుందో అర్థమైనట్టే. రోజుకు అయిదు నిమిషాలు చాలు, ఆటోలో వెళ్తూ కూడా ఆడొచ్చు.

ఈ ఊళ్లో మన పిల్లలకు ఇంకో చిక్కుంది. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. త, దలకూ, ప, బలకూ అంతే. రెండు లిపులూ కలిపి నేర్చుకునేవాడు "బండి"ని "పండి" అని రాస్తే మందబుద్ధి అనుకోకండి. పండు బొమ్మ, బండి బొమ్మ పక్కపక్కన పెట్టి, మీరు పలికినదాన్ని వేలితో చూపమనండి. చెవికి తేడా తెలిశాక రాత సర్దుకుంటుంది.

మూడేళ్లకే నాలుగు గీతల నోటుబుక్కు ఇవ్వడం నాకు నచ్చని పని. వేళ్లకు బలం లేనప్పుడు పిడికిలితో పెన్సిల్ పడతారు, ఆ పట్టు తర్వాత మార్చడం కష్టం. చపాతీ పిండి ముద్దలు, పూసలు గుచ్చడం, కాగితం చింపడం, బెత్తెడు కంటే పొట్టి క్రేయాన్ ముక్కలు ముందు. 1939లో అడయారు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చిన ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరి పద్ధతిలోనూ పెన్సిల్‌తో రాసేముందు గరుకు కాగితపు అక్షరాల మీద వేలు తిప్పిస్తారు.

"ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అనే సలహా మాత్రం వినకండి. ఇంగ్లీషు అంతగా రాని ఇంట్లో మాటలు సిట్, కమ్, ఈట్‌ల దగ్గరే ఆగిపోతాయి. "వాన పడితే బట్టలెందుకు ఆరవు?" అన్న సంభాషణ తెలుగులోనే సాగుతుంది. అది తెలిసిన పిల్లకు ఇంగ్లీషులో కావలసింది కొత్త పేర్లే. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం అయిదో తరగతిదాకా ఇంటిభాషలో బోధించమంది.

అమెరికాలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగంలో 123 మంది పేద పిల్లలున్నారు. వాళ్లలో కొందరికే బాలబడి దక్కింది. దక్కినవాళ్లకు రోజూ రెండున్నర గంటల తరగతి, వారానికోసారి టీచర్ ఇంటికి రావడం. ఐక్యూలో వచ్చిన లాభం కొన్నేళ్లకే కరిగిపోయింది. అయినా నలభయ్యో ఏట చూస్తే వాళ్లలో 77 శాతం హైస్కూలు పూర్తిచేశారు, బాలబడి దక్కనివాళ్లలో 60 శాతమే. కాబట్టి ఒకటో తరగతి మార్కులు చూసి బాలబడిని తీసిపారేయొద్దు.

పిల్లల నోటుపుస్తకాలు తెచ్చినవాళ్లు ముందుకు రండి, పెన్సిల్ పట్టు కూడా చూద్దాం.