కొనేవాడు ఏ ఫొటో కోసం వెతుకుతాడు

అందరికీ నమస్కారం. ఫొటోగ్రఫీ దినోత్సవానికి వచ్చి మాట్లాడమని మీ సంఘం వాళ్లు ఫోన్ చేసినప్పుడు, నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు కదండీ అన్నాను. "తీసేవాళ్లం మేమున్నాం, కొనేవాళ్లు ఎలా ఆలోచిస్తారో చెప్పండి చాలు" అన్నారు. అదైతే చెప్పగలను. ఇరవై రెండేళ్లుగా నా పని అదే. హైదరాబాద్‌లో ఒక చిన్న యాడ్ ఏజెన్సీలో డిజైనర్‌ని. విత్తనాల కంపెనీల కరపత్రాలు, ఆస్పత్రుల బ్రోచర్లు, కాలేజీల ఫ్లెక్సీలు, అపార్ట్‌మెంట్ల ప్రకటనలు... వీటిల్లోకి కావాల్సిన ఫొటోలు వెతికి, డబ్బు కట్టి, దించుకుని పేజీలో పెడతాను.

ముందే తీసి పెట్టి, కావాల్సినవాళ్లకి వాడుకునే హక్కు అమ్మే ఫొటోని స్టాక్ ఫొటో అంటారు. ఆ పేరు వినగానే అదేదో కంప్యూటర్‌తో పాటు వచ్చిన కొత్త వ్యాపారం అనుకుంటారు. మీ ఇంట్లో గోడ మీదున్న క్యాలెండర్ చూడండి. కిరాణా కొట్టు ఆయన ఇచ్చిన క్యాలెండర్ మీద ఏ లక్ష్మీదేవి ఉందో, పక్క వీధిలో బంగారం షాపు ఇచ్చినదాని మీదా ఆ తల్లే ఉంటుంది. కింద షాపు పేరు, ఫోన్ నంబరు మాత్రం మారతాయి. దీపావళికి ముందు ఏజెంటు శివకాశి ఆల్బమ్ పట్టుకొస్తాడు, కొట్టు ఆయన తిరగేసి ఫలానా నంబరు బొమ్మ ఐదొందలు వెయ్యమంటాడు. ఆ బొమ్మ ఆయన సొంతమైందా? కాలేదు. తన పేరుతో పంచుకునే వీలు వరకే ఆయన డబ్బు కట్టాడు. మేం వెబ్‌సైట్లో చేసేది కూడా అచ్చంగా ఇదే. నాకు ఈ సంగతి అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది, పైగా ఖర్చు కూడా అయింది.

ఆ ఖర్చు సంగతి చెప్తాను. పనిలో చేరిన కొత్తల్లో ఒక కాలేజీ బ్రోచర్ చేస్తున్నాను. కొండల వెనక సూర్యోదయం కావాలి. గూగుల్‌లో వెతికితే అద్భుతమైన ఫొటో దొరికింది. వాటర్‌మార్క్ లేదు, ఎవరి పేరూ లేదు. తీసి పెట్టేశాను. ఏడాదిన్నర తర్వాత కాలేజీకి ఒక ఈమెయిల్ వచ్చింది. ఫలానా పేజీలో ఉన్న ఫొటో మాది, వాడుకోవడానికి అనుమతి, అంటే లైసెన్స్ చూపించండి, లేదా ఇంత కట్టండి అని. మొత్తం బ్రోచర్‌కి మేం తీసుకున్న బిల్లు కంటే ఆ ఒక్క ఫొటోకి అడిగిన డబ్బు ఎక్కువ. రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్రపట్టలేదు. మా బాస్ కట్టేశారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. ఆ తర్వాత ఒకసారి ఆ ఫొటోని తీరిగ్గా చూశాను. తెల్లవారుజామున చలిలో ఎవరో కెమెరా మోసుకుంటూ కొండెక్కి, వెలుతురు కోసం గంటలు కాచుకుని తీసినది. నేను పది సెకన్లలో తీసేసుకున్నాను.

లైసెన్స్‌లో అందరూ పొరబడే మాట ఒకటుంది, రాయల్టీ ఫ్రీ. "ఫ్రీ అని రాసుంది కదండీ, మళ్లీ బిల్లులో వేశారేంటి" అని క్లయింట్లు ఇప్పటికీ అడుగుతారు. వేసిన ప్రతిసారీ డబ్బు కట్టక్కర్లేదు అని మాత్రమే దానర్థం. మొదటిసారి కట్టాల్సిందే. అయినా హద్దులుంటాయి. పెద్ద సైట్లలో మామూలు లైసెన్స్‌తో 5 లక్షల కాపీల దాకా అచ్చు వేసుకోవచ్చు. అదే ఫొటోని కప్పు మీదో టీషర్టు మీదో వేసి అమ్ముతామంటే కుదరదు, అక్కడ జనం కొనేది ఆ బొమ్మనే కాబట్టి ఎక్స్‌టెండెడ్ లైసెన్స్, అంటే ఇంకా పెద్ద వాడకానికిచ్చే లైసెన్స్ కావాలి. ఇంకో పాత పద్ధతి రైట్స్ మేనేజ్డ్. ఎక్కడ వేస్తారు, ఎంత సైజు, ఎన్ని నెలలు, ఏ దేశంలో అని అడిగి, దాన్నిబట్టి రేటు కట్టేవాళ్లు. ప్రకటనల ఫొటోలకు ఆ పద్ధతి ఆపేస్తున్నామని గెట్టీ ఇమేజెస్ అనే పెద్ద ఫొటో ఏజెన్సీ 2019లో ప్రకటించింది.

ఎవరు ఎక్కడ వేస్తున్నారో అడక్కుండా అమ్మితే ఏమవుతుందో తెలియాలంటే, అంతకుముందే అమెరికాలో జరిగిన ఒక ముచ్చట చాలు. 2004లో డెల్, గేట్‌వే అనే రెండు కంప్యూటర్ కంపెనీలు కాలేజీ పిల్లల కోసం వేసిన ప్రకటనల్లో ఒకే అమ్మాయి కనిపించింది. బద్ధశత్రువుల్లాంటి కంపెనీలు, ఒకే షూట్ ఫొటోలు. తప్పెవరిదీ కాదు, ఇద్దరూ డబ్బు కట్టే కొన్నారు. శివకాశి లక్ష్మీదేవి కథే ఇది. అందుకే పెద్ద క్లయింట్ అయితే, ఇంకెవరికీ అమ్మని ఫొటో కావాలని అడుగుతాడు. అక్కడ మీలాంటి వాళ్ల అవసరం మొదలవుతుంది.

ఇప్పుడు నా బల్ల దగ్గరికి రండి. సాయంత్రం ఐదుకి ఫైల్ ప్రెస్‌కి వెళ్లాలి. మూడైంది. నేను ఇంగ్లిష్‌లో రెండు మూడు మాటలు టైప్ చేస్తాను. గోళ్లంత చిన్న ఫొటోలు వరసగా వస్తాయి. మొదటి పేజీ చూస్తాను, మహా అయితే రెండోది. మీ ఫొటో ఎంత గొప్పదైనా, దానికి మీరు సరైన మాటలు తగిలించకపోతే అది పదో పేజీలో పడుంటుంది, నేను అక్కడిదాకా వెళ్లను. ఆ చిన్న బొమ్మల్లో నేను మొదట చూసేది మనిషి మొహం అనుకుంటారు. నేను చూసేది ఖాళీ. హెడ్డింగు ఎక్కడ పెట్టాలి, ఫోన్ నంబరు ఎక్కడ పెట్టాలి అని.

అందులోనూ తెలుగు అక్షరానికి ఇంగ్లిష్ కంటే ఎక్కువ చోటు కావాలి. పైన గుడులు, కింద ఒత్తులు. "స్వచ్ఛమైన" అని రెండు వరసల హెడ్డింగులో పెట్టి చూడండి, పై వరస ఒత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. వరసల మధ్య ఎడం పెంచాలి, ఎడం పెంచితే ఫొటోలో ఆకాశం చాలదు. మీరు మంచి కెమెరా, మంచి లెన్స్ ఉన్నాయని మొహాన్ని ఫ్రేమ్ నిండా బిగించి తీస్తారు. గోడ మీద పెట్టుకోవడానికి అది బాగుంటుంది. నేను మాత్రం అయ్యో, రెండడుగులు వెనక్కి జరిగి తీసుంటే బాగుండేదే అనుకుంటూ వదిలేస్తాను.

విండోస్ ఎక్స్‌పీ తెర మీద పచ్చటి గుట్ట, నీలాకాశం మీరంతా చూసే ఉంటారు. 1996లో చార్లెస్ ఓ'రియర్ అనే ఆయన కాలిఫోర్నియాలో కారులో వెళ్తూ, దారి పక్కన ఆపి తీసిన ఫొటో. స్టాక్ ఏజెన్సీలో పెట్టాడు. 2000లో మైక్రోసాఫ్ట్ పూర్తి హక్కులతో కొనేసింది. అందులో మనిషి లేడు, ఇల్లు లేదు. ఎన్ని ఐకాన్లు పెట్టినా ఇంకా చోటుంటుంది. నేను దాన్ని డిజైనర్ కంటితో చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

ఇక అసలు బాధ దగ్గరికి వస్తాను. ఇండియన్ ఫార్మర్ అని కొడితే ఎవరొస్తారు? పెద్ద రంగుల తలపాగా, మెలేసిన మీసం, వెనక గోధుమ చేను. ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఆ ఫొటోతో మిర్చి విత్తనాల కరపత్రం చేస్తే, నరసరావుపేట డీలరు ఫోన్ చేసి, "ఏమండీ, ఈయన మనాయన కాదండీ, మా రైతులు చూస్తే కాగితం పక్కన పడేస్తారు" అన్నారు. నిజమే కదా. మన రైతు భుజాన తువ్వాలు వేసుకుంటాడు, ఎండెక్కితే తలకి చుట్టుకుంటాడు. ఇండియన్ వెడ్డింగ్ అని కొడితే లెహెంగాలు, సెహ్రాలు. నాకు కావాల్సింది బాసికం కట్టుకుని, జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకున్న పిల్ల. సంక్రాంతి అని కొడితే గాలిపటాలు వస్తాయి, గొబ్బెమ్మలు రావు. ఉగాది పచ్చడి వస్తుంది, కానీ అందులో వేపపువ్వు కనిపించదు. కోట్ల ఫొటోలున్న చోట మనం ఇంత తక్కువగా ఉన్నాం. ఇప్పుడు కంప్యూటర్ చేత బొమ్మ గీయించుకోవచ్చు అంటున్నారు. నేనూ ప్రయత్నించాను. మిర్చి రైతుని అడిగితే అది కూడా ఆ తలపాగా ఆయన్నే ఇచ్చింది.

అలా వెతుకుతున్న రోజుల్లోనే ఈ ఊరి ఫొటోగ్రాఫర్ తమ్ముడు ఒకతను వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. మిర్చి తొడిమలు తీస్తున్న ఒక పెద్దావిడ. ముక్కుకి, నోటికి అడ్డంగా చీర కొంగు కట్టుకుంది. చుట్టూ ఎర్రటి కాయలు. కనుబొమల మీద సన్నటి ఎర్ర దుమ్ము. కళ్లు మాత్రం నేరుగా మనల్నే చూస్తున్నాయి. ఎడమవైపు సగం ఫొటో ఖాళీ, గోదాం గోడ నీడ. నాకు కావాల్సినవన్నీ ఉన్నాయి. ఎంతంటే అంత ఇప్పిస్తాను అన్నాను. రిలీజ్ కాగితం ఉందా అని అడిగాను. "అంటే ఏంటన్నా?" అన్నాడు. ఆమె పేరేంటి? తెలీదు. ఏ ఊరు? తెలీదు. ఆ ఫొటో నేను వాడలేదు. మళ్లీ తలపాగా ఆయనతోనే కరపత్రం వెళ్లింది.

మొహం గుర్తుపట్టేలా ఉన్న మనిషిని ప్రకటనలో పెట్టాలంటే, ఆ మనిషి ఒప్పుకున్నట్టు సంతకం కావాలి. దాన్నే మోడల్ రిలీజ్ అంటారు. అది లేని ఫొటోని సైట్లు ఎడిటోరియల్ అని పక్కన పెడతాయి, అంటే వార్తకి, వ్యాసానికి వాడొచ్చు, సరుకు అమ్మడానికి వాడకూడదు. ఇదేదో విదేశీ చాదస్తం అనుకోకండి. 2018లో తెలంగాణ ప్రభుత్వ పథకాల ప్రకటనల్లో ఒక పల్లెటూరి మహిళ పక్కన, భర్త ఉండాల్సిన చోట వేరే మనిషి బొమ్మ అచ్చయింది. ఆ దంపతులు మీడియా ముందుకొచ్చి తమ బాధ చెప్పుకున్నారు. పేజీ చేసేవాడికి అదొక బొమ్మ. ఇరుగుపొరుగు మధ్య బతకాల్సిన మనిషికి అది పరువు. నాలాంటి డిజైనరే ఎవరో ఆ పని చేశాడని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఈ మాట జాగ్రత్తగా వినండి, ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది మీరే కాబట్టి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవాడే దాని కర్త. కానీ 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ మొదటి యజమాని డబ్బిచ్చినవాళ్లే. అంటే మీరు తీసిన పెళ్లి ఫొటో ఎంత బాగున్నా, ముందు రాసుకోకపోతే అది పెళ్లివాళ్లది. మీరు దాన్ని స్టాక్ సైట్‌లో పెట్టి అమ్ముకోలేరు. బుకింగ్ కాగితం మీద ఒక్క వాక్యం కలుపుకుంటే ఆ చిక్కు తీరుతుంది. అలాగే మీరు నాకు లైసెన్స్ ఇచ్చేటప్పుడు ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం 5 ఏళ్లు అనుకుంటుంది, ఎక్కడో రాయకపోతే మన దేశం వరకే అనుకుంటుంది. నోటిమాట చాలదు, రాతలో ఉండాలి. 2012 సవరణ తర్వాత ఫొటో మీద హక్కు మీ జీవితకాలం, ఆ పైన ఇంకో 60 ఏళ్లు. మీ మనవళ్లదాకా వెళ్లే ఆస్తిని వాట్సాప్‌లో ఉత్త చేతులతో పంపేస్తున్నారు.

మనం జరుపుకుంటున్న ఈ రోజు కూడా ఒక రకంగా లైసెన్స్ కథే. 1839 ఆగస్టు 19న పారిస్‌లో, డాగేర్ అనే ఆయన కనిపెట్టిన ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించారు. ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయనకు ఏడాదికి 6,000 ఫ్రాంకులు, ఆయన భాగస్వామి నియెప్స్ కొడుక్కి 4,000 ఫ్రాంకులు పింఛను ఇచ్చి, ఈ విద్య అందరికీ ఉచితం అంది. కానీ సరిగ్గా 5 రోజుల ముందు, ఆగస్టు 14న, ఇంగ్లండ్‌లో డాగేర్ తరఫున పేటెంట్ తీసుకున్నారు. అక్కడ ఆ పద్ధతిలో స్టూడియో పెట్టాలంటే లైసెన్స్ కొనుక్కోవాలి. ఉచితం అన్నచోట కూడా ఎవరో ఒకరు ఆ చెమటకి వెల కట్టారు, అది నాకు నచ్చిన విషయం.

డబ్బు సంగతి దాచను. మీరు సైట్‌లో పెట్టగానే రాశులు పోస్తాయని చెప్తే అబద్ధం. షటర్‌స్టాక్ అనే స్టాక్ సైట్ 2020 జూన్‌లో లెక్క మార్చినప్పుడు, ఒక్క డౌన్‌లోడ్‌కి ఫొటోగ్రాఫర్‌కి కనీసం వచ్చేది 10 సెంట్లు అయింది. టీ కూడా రాదు. అడోబ్ స్టాక్ అనే ఇంకో సైట్‌లో ఫొటో మీద ఫొటోగ్రాఫర్ వాటా 33 శాతం. గులాబీ పువ్వు, ల్యాప్‌టాప్ పక్కన కాఫీ కప్పు లాంటివి పెట్టి ఆ 10 సెంట్ల కోసం లక్షలమందితో పోటీ పడకండి. మిర్చి కల్లం, జీడిపప్పు బట్టీ, మంగళగిరి మగ్గం, అంగన్‌వాడీలో గుడ్డు తింటున్న పిల్లాడు, ప్రభుత్వాస్పత్రిలో ఓపీ చీటీ పట్టుకున్న తాత, ఇవి తీయండి. పిల్లలైతే తల్లో తండ్రో సంతకం చేయాలి. పురుగుమందు డబ్బా మీద, బైకు మీద కంపెనీ పేరు కనపడకుండా చూసుకోండి. ఒకే మనిషిని పది రకాలుగా తీయండి, ఎందుకంటే బ్రోచర్‌లో నాకు ఆ మనిషే నాలుగు పేజీల్లో కావాలి. ఆ మనిషికి కొంత డబ్బివ్వండి, ఒక ప్రింట్ ఇవ్వండి. సైట్‌లో పెట్టకపోయినా పర్లేదు, నేరుగా నాలాంటి వాళ్లకి చెప్పండి. మాకు ఏడాదంతా కావాలి.

రిలీజ్ కాగితం సైట్లలో ఇంగ్లిష్‌లో ఉంటుంది. సంతకం పెట్టే మనిషికి అర్థం కావాలి కదా అని నేను తెలుగులో రాసుకున్నాను, ఒక్క పేజీ. ఫొటో ఎందుకు వాడతారు, ఎక్కడ కనపడొచ్చు, ఎంత ఇచ్చారు అన్నీ ఉన్నాయి. చదవడం రానివాళ్లకి సాక్షి ముందు చదివి వినిపించాలని కూడా రాశాను. వంద కాపీలు తెచ్చి టీ పెట్టిన బల్ల మీద ఉంచాను, తీసుకోండి. వాటి పక్కనే ఆ తొడిమలు తీసే పెద్దావిడ ఫొటో ప్రింట్ కూడా ఉంది. మిర్చి యార్డు వైపు పని చేసేవాళ్లు మీలో ఉంటే, ఆమెని గుర్తుపడతారేమో ఒకసారి చూడండి. రేపు ఉదయం ఆ తమ్ముడూ నేనూ కలిసి అటే వెళ్తున్నాం.